బాలురకు స్వాతంత్ర్యపాఠము

నేటి ప్రసంగవిషయము బాలురకు స్వాతంత్ర్యమును బోధించుట. ఈ మాట వినగానే పెద్దలు కొందఱు చిఱునవ్వు నవ్వవచ్చును. స్వాతంత్ర్యము వచ్చి యెన్నియో యేండ్లు గడచినవి. ఏటేట ఆగస్టు 15వ తేదీని జెండా నెగురవేయుచున్నాము, పిల్లలకు మిఠాయి పంచుచున్నాము. ఇంక బోధింపవలసిన దేమున్నదని వారి యూహ. నేనును చిరకాలమట్లే తలచితిని. ముప్పది యేండ్లకుపైగా తెలుగు పండితుడనుగ పనిచేసి విరమించినవాడను. బాల్యమున మా తాతగారియొద్ద కొంత కావ్యము, కొంత వ్యాకరణము, తర్కసంగ్రహము చదువుకొంటిని. స్వాతంత్ర్యమనగా నేమో నాకు దెలియుననియే నమ్మియుంటిని. ఆ నమ్మకమును చెదరగొట్టినది తొమ్మిదవ తరగతి చదువుచున్న యొక బాలిక. ఆ కథ చెప్పక ఈ ప్రసంగము సాగదు.

ఒక సంవత్సరము సాంఘికశాస్త్రము చెప్పు ఉపాధ్యాయుడు లేక ఆ భారము నామీద బడెను. నాడు చీరాల-పేరాల యుద్యమము పాఠము. సంవత్సరములు చెప్పితిని, నాయకుని పేరు చెప్పితిని, పన్ను హెచ్చించిరనియు జనులు ఊరు విడిచిరనియు నల్లబల్లమీద వ్రాసితిని. పిల్లలు వ్రాసికొనిరి. అంతలో వెనుక వరుసనుండి యీ బాలిక లేచినది. వారి యింట మగ్గమున్నది, తండ్రి నేతపనివాడు. "మాస్టారూ, పన్ను పెంచడం తప్పయితే మన ఊళ్లో ఇప్పుడూ పెంచారు గదా, అదీ తప్పేనా? ఆ డబ్బుతో ఊరికి ఏం చేద్దామనుకున్నారు?" అని యడిగెను. నాకు సమాధానము తోచలేదు. తోచలేదని యొప్పుకొనుట కభిమానము అడ్డువచ్చినది. "పరీక్షలో ఇది అడగరు, కూర్చో" అంటిని. ఆమె కూర్చుండెను. తరగతి నవ్వెను.

స్వాతంత్ర్యపాఠము చెప్పుచు నేను చేసినపని యిది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని చెప్పిన అతిశయోక్తి యగును, పట్టినది. కాని తెల్లవారి లేచిన వెంటనే ఆ ప్రశ్నయే మరల ముందు నిలిచెను. అప్పటినుండి ఆ పాఠమును నేను క్రొత్తగ చదువుకొనవలసి వచ్చెను. అట్లు చదివి తెలిసికొన్నదానిని మీకు మనవి చేసెదను.

చీరాల, పేరాల అనునవి సముద్రతీరమునకు సమీపమునగల రెండు జంట గ్రామములు. నాడు గుంటూరు జిల్లాలోనివి. చీరాల పేరే చీరలను తలపించును. అక్కడి ప్రజలలో పెక్కురు నేతపనివారు. 1919లో మద్రాసు ప్రభుత్వము ఈ గ్రామములను కలిపి పురపాలకసంఘముగ చేసెను. అంతకుముందు యూనియనుగ నున్నపుడు ఏటికి సుమారు 4,000 రూపాయలు పన్నుగా వసూలగుచుండెను. పురపాలకసంఘ మేర్పడగానే ఆ మొత్తము 40,000 రూపాయలకు ఎగసెను. ప్రజలు మాకీ పురపాలకసంఘము వలదని మనవులు చేసికొనిరి. వినువారు లేకపోయిరి. పన్ను చెల్లింపమని కొందఱు నిరాకరింపగా వారిని చెరసాలకు బంపిరి. వారిలో ఒక స్త్రీయు నుండెను.

అపుడు వారికి నాయకుడుగ నిలిచినవాడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. 1889లో జన్మించి, ఎడింబరోలో చదివి ఎం.ఏ. పట్టము పొందివచ్చి, బందరు జాతీయ కళాశాలలో కొంతకాలము ఉపాధ్యాయుడుగ నుండెను. అనగా ఆయనయు మావంటి బడిపంతులే. 1921 ఏప్రిలులో గాంధిమహాత్ముడు చీరాలకు వచ్చినపుడు ఈ విషయమై ఆయన సలహా యడిగిరి. శాంతముగ పన్ను నిరాకరించుట యొకమార్గము, ఊరి యెల్లలు దాటి వెలుపల నివసించుట మఱియొకమార్గము అని ఆయన చెప్పెను. ప్రజలు రెండవదానిని ఎన్నుకొనిరి. సుమారు 15,000 జనములో 13,000 మంది తమ యిండ్లకు తాళములువేసి, పురపాలకసంఘపు హద్దులకు వెలుపల పాకలు వేసికొనిరి. దానికి రామనగరమని పేరు. రోహిణికార్తె యెండలు, తరువాత వర్షములు, తరువాత చలి. సుమారు పదునొకండు మాసములు వారక్కడనే యుండిరి. ముసలివారు, బాలింతలు, చంటిబిడ్డలు నందులోనివారే. గోపాలకృష్ణయ్య నిషేధాజ్ఞను మీరి బరంపురమున ప్రసంగించినందుకు నిర్బంధింపబడి ఒక సంవత్సరము చెరసాలలో నుండెను. నాయకుడు లేక, ధనము చాలక, 1922లో జనులు తిరిగి తమ యిండ్లకు వచ్చిరి. కోరినది వెంటనే దొరకలేదు.

ఇంతవరకు పాఠ్యపుస్తకములలో నుండును. ఇక్కడ ఆగినచో బాలునకు మిగులునది రెండు సంవత్సరములు, ఒక పేరు. ఇంక ముందునకు పోవలెనన్న మొదట పలక తీసికొని లెక్క వేయవలెను. అర్థశాస్త్రము అక్కడ ఆరంభమగును.

15,000 మంది 4,000 రూపాయలు చెల్లించినచో మనిషికి ఎంత? నాలుగణాల మూడు పైసలకు కొంచె మెక్కువ. (నాటి రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైసలు, ఈ లెక్క కూడ నేటి పిల్లలకు చెప్పవలసియే యుండును.) 40,000 చెల్లించినచో మనిషికి రెండు రూపాయల పదణాల యెనిమిది పైసలు. అయిదుగురున్న యింటికి మునుపు రూపాయి అయిదణాల నాలుగు పైసలుగ నున్నది, ఇపుడు పదుమూడు రూపాయల అయిదణాల నాలుగు పైసలైనది. ఇది సగటు మాత్రమే. పన్ను ఇంటిని బట్టి యుండును గాని తలలను బట్టి యుండదు. కొందఱి కెక్కువ, కొందఱికి తక్కువ. ఐనను ఈ లెక్కను తన చేతితో వేసిన బాలునకు పదింతలనుమాట చెవిలో మ్రోగి పోవునది కాదు. అది యొక యింటి వంటసామానులో తగ్గినభాగముగ కనబడును.

నేతగాని ఆదాయము పదింతలు కాలేదు. మగ్గము అదే, రోజు అదే, నేయు గజములు అవియే. రాబడి పెరుగక పోబడి పెరిగినపుడు మిగులునది మూడు దారులు. తిండి తగ్గించుకొనుట, అప్పు చేయుట, లేదా బిడ్డను బడి మాన్పించి మగ్గము గుంటలో దింపుట. ఈ మూడవదారిని మీరు జ్ఞాపకముంచుకొనుడు. దానికి మరల వత్తును.

ఇపుడు ఆ బాలిక ప్రశ్నకు వత్తము. పన్ను పెంచుట తప్పేనా? ఇచ్చట నాకు తాతగారి తర్కసంగ్రహము అక్కరకు వచ్చెను. ఆ గ్రంథమును రచించిన అన్నంభట్టు ఆంధ్రుడని ప్రతీతి. చిన్నపిల్లలకు ఆలోచించుట నేర్పు పుస్తకముగనే అది పుట్టినది. అందలి ప్రసిద్ధమైన ఉదాహరణము అందఱెఱిగినదే. కొండమీద పొగ కనబడుచున్నది, కావున అక్కడ నిప్పున్నది. పొగయున్నచోటనెల్ల నిప్పుండును, వంటయింటిలో చూచినట్లు. ఇది సరియైన యూహ. దీనినే తలక్రిందుచేసి, నిప్పున్నది కావున పొగయుండునందుమా? అది తప్పు. కమ్మరికొలిమిలో ఎఱ్ఱగా కాలిన యినుపగుండులో నిప్పున్నది, పొగలేదు. మఱి నిప్పునుండి పొగ యెప్పుడు వచ్చును? తడికట్టె తగిలినపుడు. ఆ తడికట్టెను శాస్త్రజ్ఞులు ఉపాధి యందురు. హేతువు చాలనిచోట లోపల దాగియున్న మఱియొక కారణమన్నమాట.

నేను తరగతిలో చెప్పినదేమి? పన్ను హెచ్చినది కావున పీడన యంటిని. అది నిప్పున్నది కావున పొగయున్నదనుట వంటిది. ఒక యూరివారు కూడుకొని, మాకు మంచినీటి గొట్టములు కావలె, మురుగుకాల్వలు కావలె, బడి కావలెనని తలచి, తమకు తామే పన్ను పదింతలు చేసికొందురు గాక. భారము హెచ్చినది, పీడన యేది? కనుక పన్నుకును పీడనకును నడుమ ఒక తడికట్టె యుండవలెను. అదేదో వెదకుడని పిల్లలకు చెప్పినచో వారే వెదకి పట్టుకొందురు. చెల్లించువానిని అడుగక విధించుట, వలదన్నపుడు వినకుండుట, ఎందులకు వ్యయమగుచున్నదో లెక్క చెప్పకుండుట, ప్రశ్నించినవానిని చెరసాలకు బంపుట. ఇవి చేరినపుడు పన్ను పీడనయగును. ఇవి లేనిచోట పన్ను మన యింటి వ్యయమువంటిదే. పదిమంది కలిసి నూయి త్రవ్వించుకొన్నట్టిది. చీరాల నేడును పురపాలకపట్టణమే. అక్కడ పన్నులున్నవి, జనులు ఊరు విడుచుటలేదు. సభ్యులను ఎన్నుకొనుటకును, నచ్చనివారిని మరుసటి యెన్నికలో దింపుటకును వారికి హక్కున్నది. ఆ హక్కును వినియోగింతురా, సభకు పోయి లెక్క యడుగుదురా యనునది వేఱు విషయము. అడుగనివానికి అడుగు హక్కు క్రమముగ మఱపునకు వచ్చును.

బాలురు తొందరపడి చేయు మఱియొక నిర్ణయము కలదు. పీడించినవారు తెల్లవారు, పీడితులు మనవారు, కథ ముగిసినదని తలతురు. ఇదియు పరీక్షింపదగినదే. 1919 నాటి రాజ్యాంగచట్టము వలన రాష్ట్రములలో స్థానికపరిపాలనశాఖ దేశీయ మంత్రులకు అప్పగింపబడెను. 1920 చివరనుండి మద్రాసులో ఆ శాఖను వహించినవారు పానుగల్లు రాజా రామరాయనింగారు. ఆయన తెలుగువారు, సంస్కృతమును అభ్యసించినవారు. పిమ్మట దేవాదాయముల సంస్కరణమువంటి పనులుచేసి చరిత్రలో నిలిచినవారు. చీరాలవారు రామనగరపు పాకలలో నుండిన మాసములలో ఆ శాఖ ఆయనదే. దీనివలన ఆయన దుర్జనుడని చెప్పుట నా యభిప్రాయము కాదు. తడికట్టె యెవరి చేతనున్నను పొగ వచ్చుననియే నేను చెప్పదలచినది. పాలకుని రంగు మారినంతమాత్రమున, భాష మారినంతమాత్రమున పీడన మాయము కాదని బాలునకు తెలియవలెను. ఇది తెలియనివాడు తనవారు చేయు పీడనను గుర్తింపలేడు.

ఇపుడు మరికొంత వెనుకకు పోదము. బిడ్డను బడి మాన్పించి పనిలో పెట్టుట యంటిని. ఇది చీరాలలో మొదలైనది కాదు. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో, జిల్లాలలో దేశీయపాఠశాలలు ఎన్ని యున్నవో తెలుపుడని కలెక్టర్లను ఆజ్ఞాపించెను. 1823 ఆగస్టులో బళ్లారి కలెక్టరు క్యాంబెల్ పంపిన నివేదిక వానిలో ప్రసిద్ధమైనది. ఈయన 1816లోనే తెలుగునకు ఆంగ్లమున వ్యాకరణము వ్రాసిన పండితుడు. నేటి అనంతపురప్రాంతము నాటి బళ్లారిజిల్లాలో చేరియుండెను. జిల్లా జనసంఖ్య 9,27,857, పాఠశాలలు 533, విద్యార్థులు 6,641. తెలుగుబడులు 226, కన్నడబడులు 235. విద్యార్థులలో బాలికలు 60 మంది మాత్రమే. వేయింటికి సుమారు ఏడుగురు చదువుకొనుచుండిరి.

చదువు ఏల తగ్గినది? దేశము పేదదగుటచేతనే యని ఆ కలెక్టరు దాపరికము లేక వ్రాసెను. ఇంగ్లండునుండి దిగుమతియగు సరకులవలన ఇక్కడి పనివారల జీవనము క్షీణించినదనియు, దేశమున బుట్టిన ధనము దేశముననే వ్యయము గాక వెలికి పోవుచున్నదనియు, లేబ్రాయపు బిడ్డలను సైతము కూలికి పంపవలసిన దుస్థితి తల్లిదండ్రులకు గలిగినదనియు, మునుపు బడులున్న యూళ్లలో ఇపుడు లేవనియు దాని సారము. ప్రభుత్వమునకు పన్ను వసూలుచేయు ఉద్యోగియే ఆ ప్రభుత్వమునకు ఇట్లు వ్రాసెను. నేతగాని చీర యమ్ముడుపోకుండుటకును, వాని కొడుకునకు అక్షరములు రాకుండుటకును నడుమగల త్రోవను ఈ రెండు మూడు వాక్యములు చూపును. బాలురకు అర్థశాస్త్రము నేర్పుటకు ఇంతకంటె మంచి పాఠము నేనెఱుగను.

కాని ఆ నివేదికను చదివి, పూర్వము మాబడులు స్వర్గములు, పరదేశీయులు చెడగొట్టిరని గుండెలు చఱచుకొనుటయు వివేకము కాదు. అందులోనే మన లోపములును గలవు. మన బాలురు అర్థము తెలియని పద్యములను చిలుకలవలె వల్లించుచుండిరని ఆయన వ్రాసెను. అది నిజము కాదని పండితకుటుంబమున బుట్టిన నేను అనజాలను. పెద్దబాలురు చిన్నవారికి నేర్పు పద్ధతిని ఆయన మెచ్చుకొనెను, అదియు నిజమే. మెప్పును మాత్రమే తీసికొని మందలింపును విడిచిన యెడల మనము చరిత్రము చదివినట్లు కాదు.

ఆ నివేదికలో ఒక చిన్నవిషయము నన్ను మిక్కిలి ఆలోచింపజేసెను. ఉదయమున మొదట బడికి వచ్చిన బాలుని అరచేత సరస్వతి పేరు వ్రాయుదురట. రెండవవాని చేత సున్న. మెప్పును లేదు, నిందయు లేదు. మూడవవానికి మెల్లగ ఒక దెబ్బ. నాల్గవవానికి రెండు. ఆపై ప్రతివానికి ఒక్కొక్కటి హెచ్చుగ. వినుటకు వేడుకగ నున్నది గదా. ఇపుడు లెక్క వేయుడు. బడికి సగటున పన్నెండుగురు బాలురుండిరి. పన్నెండవవానికి పది దెబ్బలు. పన్నెండుగురును తెల్లవారకముందే వచ్చినను, ఒకరివెంట నొకరు గడప దాటవలసినదే గదా, పన్నెండవవానికి పదిదెబ్బలు తప్పవు. అతడు చేసిన తప్పేమి? ఎంత త్వరపడినను ఎవడో యొకడు కడపట నుండియే తీరవలెను.

పీడన యనగా నేమని నన్నెవరైన అడిగిన, ఇప్పుడు నేనీ బడికథను చెప్పుదును. తప్పుచేసినవానికి దండన విధించుట నీతి. ఏమిచేసినను తప్పించుకొనలేని దండన విధించుట పీడన. చీరాల నేతగాడు మనవి చేసికొనినను పన్నే, వలదన్నను పన్నే, నిరాకరించినను చెరసాలయే. పిల్లలకు ఈ రెండింటిని ప్రక్కప్రక్కన బెట్టి చూపినయెడల నిర్వచనము వల్లింపజేయ నక్కఱలేదు.

శ్రోతలారా, నేనీ సంగతులన్నియు తెలిసికొని మరల ఆ తరగతికి పోతిని. తొలుత ఆ బాలికను లేపి, నిన్న నీ వడిగిన ప్రశ్నకు నాకు సమాధానము తెలియదు, అందుచేత నిన్ను కూర్చుండుమంటిని, అది నా తప్పని చెప్పితిని. తరగతి నిశ్శబ్దమయ్యెను. పిమ్మట పైలెక్కలను పిల్లలచేతనే వేయించితిని. వారు చక్కగ వాదించుకొనిరి. తడికట్టె యేదో వారే కనిపెట్టిరి. కాని ఆ బాలిక మాత్రము నోరు తెఱవలేదు. ఆ సంవత్సరమంతయు నేనెన్ని విధముల ప్రోత్సహించినను ఆమె మరల నా తరగతిలో ఒక్క ప్రశ్నయు అడుగలేదు. ఒక్కమాటతో మూసిన నోటిని ఒక సంవత్సరము తెఱవలేకపోతిని. నా యుద్యోగజీవితములో నన్నిప్పటికిని బాధించు విషయమిది.

అది మొదలు విరమించువఱకు నేను మూడు నియమములు పాటించితిని. మొదటిది, ఏ పాఠమునందైనను డబ్బు ప్రసక్తి వచ్చినపుడు అది యెవరి చేతినుండి యెవరి చేతికి పోయినదో పలకమీద లెక్క వేయించుట. రెండవది, కారణము చెప్పినపుడెల్ల ఇనుపగుండును అడుగుట. అనగా ఆ కారణముండియు ఆ ఫలము లేనిచోటు కలదా యని వెదకించుట. మూడవది, నాకు తెలియని ప్రశ్న వచ్చినపుడు తెలియదని చెప్పి, నల్లబల్ల మూలను వ్రాసి, సమాధానము దొరకువఱకు చెఱుపకుండుట. కొన్ని ప్రశ్నలు నెలలకొలది ఆ మూలనే యుండెడివి. ఆ మూలను చూచి పాఠశాల పర్యవేక్షణకు వచ్చిన అధికారి యొకరు ఇది యేమని యడిగిరి. నాకు రాని పాఠములని చెప్పితిని.

తల్లిదండ్రులకును ఒక మాట. మీ యింట బిడ్డ "ఎందుకు?" అని యడిగినపుడు విసుగుకొనకుడు. నెలజీతము రాగానే బియ్యమునకెంత, అద్దెకెంత, బడికెంత యని వ్రాసికొను కాగితమును వానికొకసారి చూపుడు. ఊరిపన్ను రసీదు వచ్చినపుడు దానిని చదివించి, దీనికి బదులుగ మనకేమి వచ్చుచున్నదో నీవే చెప్పుమనుడు. వీధిదీపము వెలుగుచున్నదా, కుళాయి వచ్చుచున్నదా యని వాడే పోయి చూచివచ్చును. వెలుగనిచో ఎవరిని అడుగవలెనో తెలిసికొనును. జెండావందనము ఏటికొక దినము. ఆ రసీదు ఇంటికి తప్పక వచ్చుచునే యుండును.

రామనగరపు పాకలలో పదునొకండు మాసములు గడపినవారి బిడ్డలు అక్కడ ఏమి నేర్చిరో ఏ నివేదికయు వ్రాయలేదు. తమ తల్లిదండ్రులు కారణము చెప్పి కాదనగలరని చూచిరనుట మాత్రము నిశ్చయము. వెనుక వరుసనుండి లేచి నిలిచిన ఆ నేతపనివాని కుమార్తె యడిగిన ప్రశ్నయు ఆ జాతిదే. నేనది గుర్తింపలేకపోతిని. మీ తరగతిలోనో, మీ యింటిలోనో అట్టి ప్రశ్న లేచినపుడు మీరైనను గుర్తింతురు గాక యని కోరుచు సెలవు గైకొనుచున్నాను.